రెండు కిలోమీటర్ల లోపు

తాహెర్ ఆ నివేదిక మీద సంతకం చేసిన రోజు వాన పడలేదు, ఎండా మండలేదు. కొండెక్కడానికి అంతకన్నా మంచి రోజు ఆ ఏడాదిలో మరొకటి లేదేమో కూడా. అయినా ఎక్కలేదు.

అతను బెట్టహాళ్ పంచాయతీ కార్యదర్శి. ఇల్లు ఆదోనిలో, అక్కడి నుంచి బండి మీద ముప్పావు గంట ప్రయాణం. పంచాయతీ ఒకటే అయినా ఊళ్లు రెండు. బస్సు రోడ్డు పక్కన నల్లరేగడి పత్తి చేల మధ్య కిందివూరు. దాని నెత్తిన, రాతిగుండ్లు ఒకదాని మీదొకటి పేర్చినట్టుండే కొండ మీద, పైవూరు. పంచాయతీ ఆఫీసు, రేషన్ కొట్టు, పెద్ద బడి, సర్పంచ్ గోవిందన్న ఇల్లు, అన్నీ కిందే. పైన నూటపది ఇళ్లు, ఎర్రమట్టి చేలలో కొర్ర, ఉలవ, కాస్త వేరుశనగ, ఐదో తరగతి దాకా ఒక బడి. పైవూరివాళ్లు ఓట్లు వేసేది ఆ బడిలోనే.

ఎన్నికలకు ఏడెనిమిది నెలల ముందు మండలాఫీసు నుంచి ఫోను వచ్చింది. ఓటర్లు తక్కువున్న కేంద్రాలను పక్క కేంద్రాల్లో కలిపేస్తున్నారట. నడక దూరం రెండు కిలోమీటర్లు దాటితే మాత్రం కలపరట. పోయి చూసి, దూరమెంతో రాసి సాయంత్రానికల్లా పంపమన్నారు.

తాహెర్ ఫ్యాను కింద కూర్చుని ఫోనులో పటం తెరిచాడు. కింది బడి మీద ఒక చుక్క, పై బడి మీద ఒక చుక్క పెట్టాడు. రెంటికీ మధ్య ఫోను నేరుగా ఒక గీత గీసి ఒకటిన్నర కిలోమీటరని చూపించింది. కొండదారి అట్లా తిన్నగా పోదని అతనికి తెలియక కాదు. అప్పటికి రెండుసార్లు ఎక్కినవాడే, రెండుసార్లూ మధ్యలో మూడుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నవాడే. అయినా రాశాడు: 'స్వయంగా వెళ్లి పరిశీలించడమైనది. నడక దూరం ఒకటిన్నర కిలోమీటరు. రెండు కిలోమీటర్ల లోపు.' ముద్ర వేసి పంపేశాడు. ఆ సాయంత్రం చిన్న కూతురు సాదియాకు చెప్పులు కొనాలని ఆదోని బజారుకు తొందరగా పోయాడు. అంతే జరిగింది. ఎవరూ అతనికి ఏమీ ఇవ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా తన తప్పుకు అతనికి ఇంతకన్నా పెద్ద కారణం దొరకలేదు. దొరికుంటే కొంచెం తేలికగా ఉండేదేమో.

మే నెలలో పోలింగు. పైవూరి పేరు కేంద్రాల జాబితాలో లేదు. పైవాళ్లంతా కిందికే దిగాలి. కొండ చుట్టూ తిరిగొచ్చే ట్రాక్టరు దారి తొమ్మిది కిలోమీటర్లు. ఒక పార్టీవాళ్లు ముసలివాళ్ల కోసం ట్రాక్టరు పంపారు గానీ సుంకులమ్మ ఎక్కలేదు.

"మీ బండెక్కితే నా ఓటు మీదైపోతాది. నాకేం, కాళ్లు లేవా?" అని కర్ర పుచ్చుకుని గుండ్ల దారిలో బయలుదేరింది. ఆమెకప్పుడు డెబ్బై నాలుగేళ్లు. సగం దిగాక, నున్నటి బండ మీద ఇసుకకు కాలు జారి పక్కకు పడింది. లేవలేకపోయింది.

తాహెర్ కింది బడి దగ్గర షామియానా, తాగునీళ్లు చూసుకుంటున్నాడు. పదిన్నరకు జనంలో ఏదో కలకలం. ఆమె కొడుకు మహానంది, ఇంకో ముగ్గురు నులకమంచం భుజాన పెట్టుకుని వస్తున్నారు. మంచం మీద సుంకులమ్మ పళ్లు బిగబట్టి పడుకునుంది. అంబులెన్సు అప్పటికే వచ్చి గేటు దగ్గర నిలబడింది. మహానంది మంచాన్ని అటు తిప్పబోతే ఆమె అరిచింది.

"ముందు ఓటు! ఆ పైన మీరు యాడికి తీస్కపోతారో తీస్కపోండి."

"అమ్మా, కాలు చూడు ఎట్లుందో!"

"కాలు యాడికీ పోదు. ఆరు గంటలకు ఓటు పోతాది."

మంచం తలుపులో పట్టలేదు. ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి లోపలికి మోసుకుపోయారు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె మొహం చెమటతో తడిసి, పెదవులు తెల్లబడి ఉన్నాయి. సిరా పెట్టిన వేలు మాత్రం పైకెత్తి పట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. తాహెర్ గ్లాసుతో నీళ్లందించాడు. ఎవరో ఫోటో తీశారు. మరుసటి రోజు పేపర్లో ఆ ఫోటో పడింది. ఓటు విలువ చాటిన అవ్వ, పక్కన నీళ్లందిస్తున్న పంచాయతీ కార్యదర్శి. నెల తిరక్కుండా ఏర్పాట్లు బాగా చేశాడని తాహెర్‌కు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. భార్య అస్మా దాన్ని అద్దం కట్టించి హాల్లో తగిలించింది. అతను రెండోరోజే తీసి బీరువా వెనక పెట్టాడు. ఎందుకని అడిగితే మేకు వదులుగా ఉందన్నాడు.

సుంకులమ్మకు తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కానీ ఆ వయసుకి, ఒంట్లో ఉన్న చక్కెరకి ఆ కాలు మళ్లీ కోలుకోలేదు. వాకర్ పట్టుకుని మంచం నుంచి గడప దాకా రాగలదు, అంతే. కొండ దిగడమన్న మాట ఆమెకు ఇక లేదు.

తమ ఓటు కేంద్రం ఎత్తేయించింది గోవిందన్నే అని పైవూరివాళ్లు తీర్మానించేసుకున్నారు. కిందివూరివాడు, సర్పంచు, అతను కాక ఇంకెవరు రాస్తారు పై ఆఫీసుకు? మహానంది ఒకసారి పంచాయతీ ఆఫీసు ముందే గోవిందన్న చొక్కా పట్టుకున్నాడు. పైవూళ్లో పెళ్లయితే గోవిందన్నను పిలవలేదు. "నా బిడ్డల మీద ఒట్టు, నాకేం తెల్దప్పా" అని గోవిందన్న మొత్తుకుంటుంటే తాహెర్ తలవంచుకుని రిజిస్టరులో ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు.

ఏడాదిన్నర గడిచింది. ప్రతి పంచాయతీకీ ఒక పుస్తకం తయారు చేయాలని ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరి చరిత్ర, కొండలు, వాగులు, నేలలు, సరిహద్దులు, పాలన ఎట్లా నడిచిందీ, అన్నీ రాసి జనవరి ఇరవై ఆరు గ్రామసభలో చదివి వినిపించాలి. కిందివూరి సంగతులు రికార్డుల్లో దొరికాయి. పైవూరి గురించి రికార్డుల్లో ఉన్నది ఒకే మాట, 'శివారు గ్రామం'.

"సుంకులక్కనే అడగాల. పైవూరి పుట్టుపూర్వోత్తరాలు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెల్దు" అన్నాడు గోవిందన్న. "నేను పోతే కొడతారు. నువ్వు పో సాబ్."

తాహెర్ పది రోజులు ఏదో ఒక సాకు చెప్పుకున్నాడు. పదకొండో రోజు పొద్దున్నే ఎక్కాడు.

సుంకులమ్మ గడపలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. అతన్ని చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"రాప్పా, సెక్రట్రీ సాబ్! ఇన్నాళ్లకు దారి తెలిసెనా? కోడలా, సాబుకి నీళ్లియ్యి. ఆ దినం నాకు నీళ్లిచ్చిన పున్యాత్ముడు."

తాహెర్ గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టి కాగితాలు తీశాడు.

ఆమె చెబుతుంటే అతను రాసుకున్నాడు. పైవూరివాళ్ల ముత్తాతలు ఆదోని కోటకు కావలివాళ్లట. శత్రువు దండు కనిపిస్తే కొండ మీద మంట వేసేవాళ్లట. నూటయాభై ఏళ్ల కిందటి ధాత కరువులో కింద బావులెండిపోతే గుండ్ల మధ్య దొనలో నీళ్లున్నాయని జనం పైకెక్కారట. కరువు పోయాక సగంమంది దిగిపోతే సగంమంది ఇక్కడే ఉండిపోయారట. ఆమె అత్త పెళ్లినాటికి ఇది బళ్ళారి జిల్లా. "ఆయమ్మకు కన్నడమే తిన్నగా వచ్చేది. తెలుగులో తిట్టడం మాత్రం నేర్చుకునింది" అని నవ్వింది.

"ఊళ్లో పాలన ఎట్లుండేదవ్వా?"

"ఏం పాలనప్పా? ఓట్లప్పుడు మా మొగోళ్లు దిగేది, ఆడోళ్లం ఉండిపోయేది. ఒకసారి పైవూరి నుంచి ఏడుమంది ఆడోళ్లే ఓటేసినాం. ఓటు లేనోళ్లకు కొళాయి ఎవడిస్తాడు? అప్పుడు నేనూ, మా భీమమ్మ వదినా, ఇంకో పదిమందీ ఆదోనికి నడిసిపోతిమి, అర్జీ ఇయ్యను. మూడుసార్లు పోతిమి. మూడోసారికి ఒక ఆఫీసరప్ప నిజమో కాదో చూస్తానని తానే కొండెక్కినాడు. కింది బడి కాడ్నించి పై బడి దాకా గొలుసు పట్టించి కొలిపించినాడు. మా గడపలోనే కూసోని మజ్జిగ తాగి, రెండు మైళ్ల మీద ఒక ఫర్లాంగు అని రాసినాడు. ఆ యేడే మాకు ఓట్లపెట్టె వచ్చె, మాకొక వార్డు వచ్చె. మొదటి మెంబరు నేనే."

ఆమె చేట కింద పెట్టింది.

"ఆయప్ప కొలిసి ఇచ్చింది. మళ్లీ ఎవురో కొలవకుండానే తీసేసినారు. ఈ కాలు పోయిందానికి నాకంత బాద లేదు సాబ్. ఆ పెట్టె పోయింది సూడు... గోవిందు అట్ల సేస్తాడనుకోలే. సిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినాను వాణ్ని."

తాహెర్ కలం ఆగిపోయింది. చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. "దారి ఇప్పుడు ఎంత దూరముంటుందవ్వా?" అన్న మాట వచ్చింది నోట్లోంచి.

"నన్నడిగితే? నీకు కాళ్లుండాయి. కొలిసి రాయి."

దిగేటప్పుడు పై బడి దగ్గర ఫోనులో నడక కొలిచేది పెట్టుకున్నాడు. ఆమె పడిన బండ దగ్గర ఆగాడు. ఎవరో దాని మీద సున్నంతో అడ్డగీతలు గీశారు, మరొకరు జారకుండా. కింది బడి గేటు ముట్టుకుని చూస్తే మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. ఆ ఆఫీసరు లెక్క కూడా దాదాపు అంతే.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని అస్మాకు చెప్పాడు. మొదటిసారి చెప్పడం. ఆమె గరిటె చేతిలో అట్లాగే పట్టుకుని వింది.

"ఎవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు. గోవిందన్న చేశాడనుకుంటున్నారు."

"మరి నువ్వు చెబితే నౌకరీ?"

"మెమో ఇస్తారు. సస్పెండ్ కూడా చేయొచ్చు."

అస్మా గరిటె కింద పెట్టింది. "రెండేళ్ల నుంచి నమాజు అయిపోయాక కూడా నువ్వు లేవడం లేదు. నేనేదో పెద్ద రోగం అనుకుని భయపడుతున్నా" అంది. "చెప్పొద్దని నేననను. చెప్పమనీ అనలేను. పిల్లలున్నారు. నువ్వే ఆలోచించుకో." అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఆమె తినలేదని అతనికి తర్వాత తెలిసింది.

ఈసారి గ్రామసభ పైవూళ్లో పెడదామని తాహెర్ అన్నప్పుడు గోవిందన్న ఎగిరిపడ్డాడు.

"యాడన్నా ఉందా సాబ్? సభ ఎప్పుడూ ఈడనే. పైకి పోతే నన్ను రాళ్లతో కొడతారు."

"కొట్టరన్నా. నా మాట విను. నీకు మంచే జరుగుతుంది."

జనవరి ఇరవై ఆరున పై బడి ముందు జెండా ఎగరేశారు. కిందివూరి నుంచి ముప్పైమంది ఎక్కొచ్చారు, దారిపొడవునా తిట్టుకుంటూ. సుంకులమ్మను కుర్చీలో మోసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టారు. ఆమె కొత్త చీర కట్టుకుంది. తాహెర్ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. కావలివాళ్లు, కరువు, బళ్ళారి జిల్లా. తన మాటలు కాగితంలోంచి తిరిగి వినబడుతుంటే ఆమె పక్కవాళ్లకు మోచేత్తో పొడుస్తోంది. అర్జీ, గొలుసు, మజ్జిగ, ఓట్లపెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు ఈలలు వేశారు.

తర్వాతి పేజీ చదవడానికి ముందు తాహెర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"రెండేళ్ల కిందట ఈ కేంద్రం తీసేశారు," అని చదివాడు. "నడక దూరం రెండు కిలోమీటర్ల లోపేనని నివేదిక పోయినందువల్ల. ఆ నివేదిక రాసింది పంచాయతీ కార్యదర్శి తాహెర్. అతను కొండెక్కలేదు. కొలవలేదు. కొలిచానని రాశాడు. సర్పంచుకు గానీ, కిందివూళ్లో ఇంకెవరికి గానీ ఇందులో ఏ సంబంధమూ లేదు. అసలు దూరం మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు."

గోవిందన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మహానంది మెల్లగా లేచి, రెండంగల్లో వచ్చి తాహెర్ చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు.

"నువ్వా? మా అమ్మకు నీళ్లిచ్చినోనివి నువ్వా? పేపర్లో పడినోనివి!" అని అరిచాడు. "గోవిందన్న సొక్కా పట్టుకుంటినే నేను... నువ్వు ఆడనే కూసోని సూస్తా ఉంటివే!"

తాహెర్ కదల్లేదు. కొడితే కొట్టనీ అనుకున్నాడు. ఒక రకంగా అదే జరగాలని కూడా అనుకున్నాడు.

"మహానందీ," అంది సుంకులమ్మ. "ఆ పుస్తకం ఇచ్చెయ్యి."

"అమ్మా!"

"ఇచ్చెయ్యిరా." అప్పుడామె తాహెర్ వైపు చూసింది. నవ్వు లేదు. "ఎందుకు ఎక్కలేదు? ఒళ్లు బాగలేదా?"

"బాగానే ఉంది అవ్వా."

"వానొచ్చెనా?"

"లేదు."

"మరి?"

"పాపకు చెప్పులు కొనాలని... తొందరగా ఇంటికి పోదామని."

ఆమె ఆ మాటను కాసేపు చూసింది, దోసిట్లో ఉలవల్లో రాయి కోసం చూసినట్టు. ఇంకేమైనా అడుగుతుందని అందరూ ఎదురుచూశారు.

"ఇంకా ఎన్ని పేజీలుండాయి?" అంది.

"నాలుగు."

"సదువు."

అతను చదివాడు. దొనలు, వాగులు, నేలలు, సరిహద్దులు. అక్షరాలు కలిసిపోతుంటే ఆగి, మళ్లీ అందుకుని చదివాడు. అయిపోయాక కేంద్రాన్ని తిరిగి పెట్టాలని తీర్మానం రాసి చదివితే రెండు ఊళ్లవాళ్లూ చేతులెత్తారు. సుంకులమ్మ కూడా ఎత్తింది. తర్వాత తనను ఇంటికి తీసుకుపొమ్మంది. తాహెర్ కుర్చీ దగ్గరికి పోతే మొహం తిప్పుకుంది. "నువ్వు పట్టుకోవద్దు" అంది, మెల్లగానే.

తీర్మానంతో పాటు తాహెర్ తన తప్పు ఒప్పుకుంటూ కొత్త నివేదిక పంపాడు. వారం తిరక్కుండా మెమో వచ్చింది, తర్వాత విచారణ. ఉద్యోగం పోలేదు. ఇంక్రిమెంటు ఆగింది, కర్ణాటక సరిహద్దు దగ్గర కౌతాళం వైపు ఒక పంచాయతీకి బదిలీ అయింది. తోటి కార్యదర్శులు ఇద్దరు ఫోను చేసి, అట్లా రాసివ్వడం ఎవరు మాత్రం చేయరు, నోరు మూసుకునుంటే సరిపోయేది కదా అన్నారు. ఆదోనిలో కనబడితే గోవిందన్న మాత్రం పక్క సందులోకి తిరిగిపోయేవాడు. మహానంది గోవిందన్న ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకోబోయాడని, ఆయన లేపి కూర్చోబెట్టాడని వేరేవాళ్లు చెప్పారు.

ఉగాది దాటాక పైవూరికి కేంద్రం మంజూరైందని కాగితం వచ్చింది. బదిలీ మీద వెళ్లేముందు తాహెర్ దాన్ని తీసుకుని కొండెక్కాడు. మహానంది ఇంట్లో లేడు. సుంకులమ్మ గడపలోనే ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అతను నిలబడే చదివాడు. మళ్లీ చదవమంటే మళ్లీ చదివాడు. ఆమె ఆ కాగితం తీసుకుని మడిచి, బొడ్లో దోపుకుంది.

"అవ్వా, నన్ను మాఫ్..."

"అది అడగద్దు." ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "తిట్టేది మానుకున్నా. అంతవరకే నాతో అయ్యేది. రేత్రీ పగలూ ఈ కాలు ఇటు నుంచి అటు తిప్పుకునేటప్పుడంతా నువ్వు గుర్తొస్తావు. ఏం సేద్దాం?"

అతను తల ఊపాడు. వెళ్లబోతుంటే ఆమే అడిగింది.

"కొత్త ఊర్లో కొండుందా?"

"లేదవ్వా. కాలువ పక్క ఊరు. వరి."

"కాలువ అవతల ఎవురన్నా కాపురముండారేమో సూడు."

అతను చేరిన మూడో రోజు ఆ మాట అక్కడివాళ్లను అడిగాడు. అవతలా కొన్ని ఇళ్లున్నాయని, పంచాయతీదే అని, వంతెన దూరమైనందువల్ల ఎవరూ పోరని చెప్పారు. రికార్డులో ఆ ఇళ్ల పక్కన దూరం 'అర కిలోమీటరు' అని పాత చేతిరాతలో ఎవరో రాశారు. తాహెర్ టవలు తల మీద వేసుకుని కాలువ గట్టున బయలుదేరాడు. వంతెన చేరేసరికే గంట పట్టింది. దాటి అవతలి గట్టున వెనక్కి నడుస్తూ పోతే వేపచెట్టు నీడలో పత్తికట్టె విరుస్తున్న ఒక ముసలాయన తలెత్తి చూసి, ఎవరు కావాలని కన్నడంలో అడిగాడు.